బుడమేరు వరదలో మమ్మల్ని ఆదుకున్న సింగ్‌నగర్ వాళ్లకు కృతజ్ఞతలు

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు గట్టుకు గండ్లు పడి విజయవాడలో మా సింగ్‌నగర్ మునిగిన సంగతి అందరికీ తెలిసిందే. ఆ వారం మాకు సాయం చేసినవాళ్లకు విడివిడిగా చెప్పాను గానీ, నలుగురిలో చెప్పాలని అప్పట్నుంచీ అనుకుంటున్నాను. పేర్లు రాయొద్దని వాళ్లే అన్నారు కాబట్టి రాయడం లేదు.

ముందుగా మా పక్కింటి మేడ మీద మాస్టారికి, పిన్నిగారికి.

మాది కింద పోర్షన్. నీళ్లు మొదట గుమ్మంలోంచి రాలేదు, బాత్రూమ్ తూములోంచి ఎగదన్నుకొచ్చాయి. సామాన్లు అటక మీదికి ఎక్కిస్తుండగానే మోకాళ్లు దాటేశాయి. గ్యాస్ బండ తేలింది, ఫ్రిజ్ పక్కకి ఒరిగిపోయింది. ఇంట్లో షుగర్ ఉన్న మా అమ్మ, పురిటికొచ్చిన అమ్మాయి, చంటిపిల్లాడు, అల్లుడు. గోడ మీంచి మాస్టారి కేక: "ఇంకా ఏం సర్దుతావయ్యా, ముందు పిల్లాణ్ణి ఇటివ్వు!"

మా అమ్మాయి పెళ్లప్పటి నుంచి ఆయనకీ మాకూ మాటల్లేవు. కులాంతర వివాహం. శుభలేఖ ఇవ్వబోతే చేతిలోకి తీసుకోలేదు. "ఇది నాకు తప్పనిపిస్తుంది, వచ్చి అక్షింతలు వెయ్యలేను" అని మొహం మీదే అనేశారు. అలాంటిది, నీళ్లు తీసేదాకా మేమూ ఇంకో రెండు కుటుంబాలూ ఆయన ఇంట్లోనే ఉన్నాం. పిన్నిగారు బియ్యం, కందిపప్పు గ్లాసుతో కొలిచి కొలిచి వండేవారు. కరెంటు లేదు, అమ్మ ఇన్సులిన్ పాడైపోతుందేమోనని నాకు ఒకటే టెన్షన్. మాస్టారు ఆ సీసాని కవర్లో చుట్టి, మట్టి కూజాలో సగానికి నీళ్లు పోసి, తడవకుండా అందులోకి వేలాడదీశారు. కూజా చుట్టూ తడిగుడ్డ. నేను నిద్రపోయాననుకుని రాత్రిళ్లు లేచి ఆ గుడ్డ మళ్లీ తడిపేవారు.

ఇంకో సంగతి కూడా ఉంది. మొదటి పూట అందరికీ స్టీలు కంచాలు పెట్టి, మా అల్లుడికి మాత్రం పేపర్ ప్లేటు వేశారు. నేను చూశాను, అమ్మాయీ చూసింది. అమ్మాయి లేవబోతే అతనే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. తిని, ప్లేటు మడిచి తనే తీసేశాడు. మర్నాటికి పేపర్ ప్లేట్లు అయిపోయాయి, దుకాణాలేమో నీళ్లలో ఉన్నాయి. అందరికీ కంచాలే వేశారు, దాని గురించి ఎవరూ నోరెత్తలేదు.

కృతజ్ఞతలు చెప్పే చోట ఇదెందుకు అంటారేమో. ఇది వదిలేసి రాస్తే మా అమ్మాయి ఊరుకోదు, నాకూ మనసొప్పదు. పోస్టు పెట్టేముందు మాస్టారికి చదివి వినిపించాను. కాసేపు ఆగి "జరిగిందేగా, రాయి" అన్నారు. ఆయన ఇప్పుడు మారిపోయారా అని బంధువులు అడుగుతున్నారు. లేదు. పెళ్లి విషయంలో ఆయనది ఆ మాటే. నాదీ నా మాటే, ఆ ప్లేటు తప్పే. కానీ అమ్మ ఈరోజు మా మధ్య ఉందంటే ఆయన వల్లే, అది కూడా ఎవరు అడిగినా చెప్తాను.

తర్వాత మసీదు సందు కుర్రాళ్లు, మా వీధి కుర్రాళ్లు. మేలో ఎన్నికలప్పుడు జెండాల దగ్గర కాలర్లు పట్టుకున్నది వీళ్లే. లారీ ట్యూబుల మీద థర్మాకోల్ షీట్లు కట్టి, ఇద్దరు ముందు, ఇద్దరు వెనక పట్టుకుని, ఫ్లైఓవర్ దగ్గరి నుంచి పాలు, నీళ్ల సీసాలు మోసుకొచ్చారు. మేము పైనుంచి తాడుకి బక్కెట్టు కట్టి దింపేవాళ్లం. డ్రోన్లతో భోజనం ప్యాకెట్లు మేడల మీదికి అందించడం మీరు టీవీలో చూసుంటారు. మా సందులో తీగల గజిబిజికి అవి దిగే వీల్లేదు, మాకు ఈ పిల్లలే దిక్కు. మధ్యలో కూడా పార్టీల గురించి వాదించుకుంటూనే ఉన్నారు, అది వేరే సంగతి. ప్రైవేటు పడవ ఒకటి మనిషికి వేలల్లో అడిగింది, దాని గురించి మాట్లాడను.

గండ్లు పూర్తిగా పూడ్చింది వినాయక చవితి నాడు, సెప్టెంబరు 7న. ఆర్మీ వాళ్లు కూడా వచ్చి పనిచేశారు. నీళ్లు తీశాక మోకాలి లోతు బురద. ఫైరింజన్‌తో ఇల్లు కడిగిన సిబ్బందికి, వేరే మున్సిపాలిటీల నుంచి వచ్చి మా మురుగు ఎత్తిన పారిశుధ్య కార్మికులకు దండాలు. వాళ్లు మంచినీళ్లు అడిగితే మా వీధిలో ఒకరిద్దరు తలుపు వేసుకున్నారు. వాళ్లెవరో నాకు తెలుసు, వాళ్లకీ తెలుసు.

కింద ఇళ్లకు ప్రభుత్వం 25,000 రూపాయలు ఇస్తున్నప్పుడు, లెక్కలు రాసుకునేవాళ్లు వచ్చిన పూట మా ఇంటికి తాళం వేసి ఉంది. మాస్టారు వాళ్లని వెనక్కి పిలిచి, గోడ మీద నీటి గుర్తు చూపించి మరీ రాయించారు. తన మేడకి వచ్చే 10,000 గురించి ఆ తర్వాతే అడిగారట.

చివరగా ఒక మాట. ట్యూబు మీద పులిహోర వచ్చిన పెద్ద స్టీలు గిన్నె ఒకటి మా దగ్గరే ఉండిపోయింది. ఎవరు పంపారో కుర్రాళ్లకీ గుర్తులేదు. మూత మీద పేరు చెక్కించి ఉంది. అదేమిటో చెప్పి, వచ్చి తీసుకెళ్లండి. కాఫీ తాగి వెళ్దురుగాని.