వార్షిక నివేదిక: జార్జియా నల్లజాతి పల్లెల్లో చర్చి, భూమి

సభ్యులకు నమస్కారం. మన సంఘం అధ్యయన విభాగం ఈ ఏడాదంతా ఒకే విషయం పట్టుకుంది: మనం ఉంటున్న ఈ జార్జియాలో నల్లజాతి రైతుల భూమి ఎలా చేజారుతోంది, పల్లె చర్చి దాన్ని ఎలా నిలబెడుతోంది. 1920లో దేశం మొత్తమ్మీద, కౌలుదార్లనూ పాలుకు చేసేవాళ్లనూ కలిపి, 9 లక్షల 25 వేలమంది నల్లజాతి రైతులుండేవారు. ఇప్పుడు 50 వేలైనా లేరు.

కారణాల్లో మేం ఎక్కువగా చదివింది వీలునామా లేని చావుల గురించి. తాత 80 ఎకరాలు వదిలి పోయాడనుకోండి. ఎనిమిదిమంది పిల్లలకు తలా ఎనిమిదో వంతు. వారిలో ఒకరు పోతే, ఆ వాటా నలుగురు పిల్లలకు ముప్పై రెండో వంతు చొప్పున చీలుతుంది. హద్దులు మాత్రం ఉండవు. ఆ ముప్పై రెండో వంతు కొన్న బయటివాడు కూడా పంపకం దావా వేసి మొత్తం భూమిని అమ్మించగలిగేవాడు. 2012లో జార్జియా తెచ్చిన చట్టం దీనికి కొంత అడ్డుకట్ట వేసింది. ముందు కోర్టు ధర కట్టిస్తుంది. అమ్మకం కోరినవాడి వాటా కొనుక్కుంటామని చెప్పడానికి మిగతావారికి 45 రోజులు గడువు. డబ్బు కట్టడానికి ఆ తర్వాత కనీసం 60 రోజులు. అసలు చిక్కు ఇక్కడే: 45 రోజుల్లో అందరినీ వెతకాలి.

అందుకు చర్చిలో దాచిన అంత్యక్రియల కరపత్రాలు అక్కరకొస్తాయి. మడత కాగితం, అట్టమీద చనిపోయినవారి ఫోటో, లోపల జీవిత విశేషాలు, చివర బతికున్న బంధువుల పేర్లు, వారుండే ఊళ్లు. వంశవృక్షానికి ఇంతకన్నా మంచి ఆధారం దొరకదు. కానీ జాగ్రత్త: ముద్దుపేర్లుంటాయి, కూతుళ్లకు అత్తింటి పేర్లుంటాయి. పెంచుకున్న పిల్లలనూ అందులో రాస్తారు, చట్టబద్ధమైన దత్తత లేకపోతే కోర్టు సాధారణంగా వాళ్లకు వాటా ఇవ్వదు. కాబట్టి ప్రతి పేరునూ జనన, మరణ పత్రాలతో సరిచూడాలి.

వారసుల సంతకాలకు అనువైన రోజు హోమ్‌కమింగ్, అంటే ఊరు విడిచినవాళ్లు కూడా సొంత చర్చికి తిరిగొచ్చే ఏటా జరిగే పండుగ. పత్తికి ఆఖరి పాటు అయిపోయి, ఏరడం ఇంకా మొదలవని ఆగస్టులో పెట్టుకోవడం పాత ఆనవాయితీ. డెట్రాయిట్, షికాగోలకు వలసపోయినవాళ్లూ వస్తారు. చర్చి ఆవరణలో భోజనాలయ్యాక నోటరీని కూర్చోబెడితే, ఏడాది ఉత్తరాల పని ఒక్క మధ్యాహ్నంలో తెమిలిపోతుంది.

చాలామంది పొరబడే మరో సంగతి: పన్ను ఒక్కరే కట్టినంత మాత్రాన భూమి వారిదైపోదు. ఎవరూ కట్టకపోతే మాత్రం వేలానికి వస్తుంది.

మన సభ్యులు ఎక్కువ ప్రశ్నలడిగింది న్యూ కమ్యూనిటీస్ అనే నల్లజాతి రైతుల ఉమ్మడి భూసంస్థ గురించి. 1969లో లీ కౌంటీలో సుమారు 5,700 ఎకరాలతో మొదలైంది. హక్కు సంస్థది, కుటుంబాలకు దీర్ఘకాలపు కౌలు, అంటే భూమి చీలదు. ఈ ఆలోచన మూలాల్లో, భూమిని ఊరి ఉమ్మడి ఆస్తిగా ఉంచే మన గ్రామదానం ఉంది, దానికి ముందున్నది 1951 పోచంపల్లి భూదానం. చీలిక బెడద తప్పినా కరువు, సమయానికి అందని ప్రభుత్వ రుణం కలిసి 1985లో ఆ భూమిని పోగొట్టాయి.

వచ్చే ఏడాది రుణ దరఖాస్తులు చదువుతాం. 2018 కేంద్ర వ్యవసాయ చట్టం తర్వాత, ఉమ్మడి వారసులూ స్పష్టమైన పట్టా లేకుండానే ఇతర కాగితాలతో ఫార్మ్ నంబరు (పొలానికి కేంద్ర వ్యవసాయ శాఖ ఇచ్చే గుర్తింపు సంఖ్య) పొందవచ్చు. అది లేనిదే రుణానికి దరఖాస్తే ముందుకు కదలదు.