సంతకం పెట్టే ముందు

చిన్నీ,

కథ రాసినందుకు మీ ఊళ్ళో ఆ రచయిత్రిని బెదిరిస్తున్నారనీ, మీరంతా ఏం చెయ్యాలనీ అడిగావు. ఖండన ప్రకటన రేపైనా రాసుకోవచ్చు. తన పేరు బయటికి రావడం ఇష్టమేనా అని ముందు ఆవిణ్ణే అడగండి. ఒక్కోసారి మనం చేసే అల్లరే వాళ్ళ మీదికి మరింతమందిని తెస్తుంది.

తర్వాత రుజువులు. బూతు మెసేజీలు చూళ్ళేక చెరిపేస్తుంటారు, చెరపనివ్వకు. స్క్రీన్‌షాట్‌లో పంపినవాడి ఖాతా, తేదీ, టైము కనబడాలి, లింకు విడిగా రాసిపెట్టాలి. కత్తిరించిన బొమ్మ వాట్సాప్‌లో పది చేతులు మారితే కోర్టులో నిలబడదు. ఆ మెసేజీలొచ్చిన ఫోను అమ్మెయ్యొద్దని చెప్పు. భారతీయ సాక్ష్య అధినియం (పాత ఎవిడెన్స్ యాక్టు స్థానంలో వచ్చిన చట్టం) 63వ సెక్షన్ కింద, ఎలక్ట్రానిక్ రుజువుకి సర్టిఫికెట్ ఇవ్వాల్సొస్తే అదే ఆధారం.

నాకు ఎక్కువ భయం "శాంతి చర్చల"తోనే. తమిళ రచయిత పెరుమాళ్ మురుగన్ నవల 'మాదొరుబాగన్' 2010లో వచ్చింది, గొడవ 2014 డిసెంబరులో రేగింది. 2015 జనవరి 12న నామక్కల్‌లో రెవెన్యూ అధికారుల ముందు కూర్చోబెట్టి, బేషరతు క్షమాపణ చెప్తున్నాననీ, అమ్ముడుపోని కాపీలు వెనక్కి తీసుకుంటాననీ ఆయనతో రాయించుకున్నారు. ఆ వెంటనే, రచయితగా తాను చనిపోయానని ఆయన ఫేస్‌బుక్‌లో ప్రకటించారు. తమిళనాడు అభ్యుదయ రచయితల సంఘం తరఫున తమిళ్‌సెల్వన్ కోర్టుకెక్కారు. ఆ ఒప్పందానికి మురుగన్ కట్టుబడనక్కర్లేదని మద్రాసు హైకోర్టు చెప్పింది, కానీ అప్పటికి 2016 జూలై 5. ఒక్క సంతకం విలువ ఏడాదిన్నర!

అందుకని ఆర్డీవో ఆఫీసు నుంచి ఫోనొస్తే రాతపూర్వకంగా నోటీసు ఇమ్మనండి. లాయర్ని తీసుకునే వెళ్ళండి. ఏ కాగితం ఇచ్చినా "చదివి రేపు చెప్తాం" అని చేతిలో పట్టుకుని బయటికొచ్చెయ్యండి.

కేసే పెడితే ఎఫ్ఐఆర్ కాపీ మామూలుగా 24 గంటల్లో పోలీసుల వెబ్‌సైట్లో ఉండాలి. నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 35(3) కింద పోలీసులు హాజరు కమ్మని నోటీసిస్తే చెప్పిన రోజుకి హాజరవ్వాలి, ఎగ్గొడితే అరెస్టుకి మనమే దారి చూపినట్టు. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపు శిక్షపడే, మాటలకీ రాతలకీ పెట్టే కేసుల్లో, ఎఫ్ఐఆర్‌కి ముందే అదే చట్టం 173(3) కింద ప్రాథమిక విచారణ జరపడం సబబని సుప్రీంకోర్టు 2025 మార్చి 28న, ఒక కవిత మీద పెట్టిన కేసులో చెప్పింది. లాయరుకి గుర్తుచెయ్యి.

చందాలు బెయిల్ రాగానే ఆగిపోతాయి, ఖర్చు మాత్రం ఆగదు. వరవరరావుగారికి వైద్య కారణాలతో 2021 ఫిబ్రవరిలో బెయిలొచ్చినా ముంబై దాటకూడదన్నారు. ఇల్లు హైదరాబాదులో, అద్దె ముంబైలో! నెలకి రెండొందలైనా సరే, ఏడాదిపాటు ఇచ్చేవాళ్ళ పేర్లు ఇప్పుడే రాసుకోండి.

లాయరు నంబరు కాగితమ్మీద కూడా రాసి ఆవిడ ఇంట్లోవాళ్ళకివ్వు. పోలీసులు ముందు తీసుకునేది ఫోనే.

నాన్న