తిట్లు కాదు, వైద్యం కావాలి

సంపాదకులు గారికి,

హైదరాబాద్‌లో కొకైన్, ఎండీఎంఏ లాంటి మత్తుమందులు పట్టుబడినప్పుడల్లా ఎన్ని గ్రాములు, ఎంత విలువ అన్నవే వార్తల్లో కనిపిస్తున్నాయి. ఆ మత్తు మెదడును ఏం చేస్తుందో కూడా రాయండి.

మంచి భోజనం చేసినా, స్నేహితులతో నవ్వినా మెదడులో డోపమైన్ అనే, ఆనందంతో ముడిపడిన రసాయనం కొంచెం విడుదలవుతుంది. పని కాగానే నాడీకణం దాన్ని మళ్లీ లోపలికి లాక్కుంటుంది. కొకైన్ ఆ తిరుగుదారిని మూసేస్తుంది. మెథ్ (మెథాంఫెటమిన్) అనే మత్తుమందు ఇంకా ఘోరం. కణంలోకే దూరి, అక్కడ దాచి ఉన్న డోపమైన్‌ను బయటికి తోసేస్తుంది. రోజూ ఈ వరద వస్తుంటే మెదడు డోపమైన్‌ను అందుకునే గ్రాహకాలను తగ్గించుకుంటుంది. అందుకే కొన్నాళ్లకు అమ్మ చేతి వంటా రుచించదు, క్రికెట్టూ రుచించదు. అలాంటి పిల్లవాణ్ని సోమరి, పొగరుబోతు అని తిడితే ఏం లాభం?

కోలుకోవడం సాధ్యమే. మెథ్ మానేసినవారి మెదళ్లను అమెరికా మెదడు పరిశోధకురాలు నోరా వోల్కో బృందం స్కాన్ చేసి 2001లో ఫలితాలు ప్రకటించింది. ఏడాదికి పైగా దూరంగా ఉన్నవారిలో డోపమైన్‌ను వెనక్కి లాక్కునే వ్యవస్థ బాగా మెరుగుపడింది. జ్ఞాపకశక్తి మాత్రం అంతగా తిరిగి రాలేదు. మరి మూడు వారాలు డీ-అడిక్షన్ సెంటర్‌లో ఉంచి, "అయిపోయింది, కాలేజీకి వెళ్లు" అంటే ఎలా?

కేసు అవుతుందన్న టెన్షన్‌తో చాలామంది తల్లిదండ్రులు దాచిపెడుతున్నారు. స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చే బాధితులకు 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) లోని 64ఎ సెక్షన్ కొంత రక్షణ ఇస్తుంది. డ్రగ్స్ వార్త వేసిన ప్రతిసారీ ఆ మాట, దాంతోపాటు మత్తు మాన్పించే సాయానికి ఉన్న 14446 హెల్ప్‌లైన్ నంబరు కింద ముద్రించండి.

- ఒక విశ్రాంత ఫార్మసీ అధ్యాపకుడు, వరంగల్