దేవుడు క్షమించాడని ఎలా తెలుస్తుంది?

ప్రియమైన తల్లీ,

ప్రభువు నామంలో నీకు శుభాలు. నువ్వు అడిగింది ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. "ఎన్నిసార్లు ప్రార్థించినా క్షమించాడన్న నమ్మకం కుదరడం లేదు, మనసు తేలికపడటం లేదు" అన్నావు. క్షమాపణ దొరికిందనడానికి గుర్తు నీ మనసులో వెతుకుతున్నావు. మనసు ఒక పూట ఉన్నట్టు మరో పూట ఉండదు. దేవుడు ఆ గుర్తును అక్కడ పెట్టలేదు. యెరూషలేము దగ్గర ఒక తోటలో ఉన్న యేసు సమాధి దగ్గర పెట్టాడు.

క్రీ.శ. 55 ప్రాంతంలో కొరింథు పట్టణంలోని సంఘానికి రాస్తూ అపొస్తలుడైన పౌలు అన్న మాట చూడు: "క్రీస్తు లేపబడనియెడల మీ విశ్వాసము వ్యర్థమే, మీరింకను మీ పాపములలోనే యున్నారు." మన పాపాలకోసం యేసు సిలువమీద చనిపోయాడు కదా, అది చాలదా, లేవకపోతే పాపాలు అలాగే ఎందుకు ఉంటాయి అని నీకు అనిపించవచ్చు. ఒకరి బాకీకి పూచీపడినవాడు ఆ బాకీ కింద జైలుకు వెళ్లాడనుకో. వాడు లోపల ఉన్నంతకాలం బాకీ తీరిందో లేదో బయటివాళ్లకు తెలియదు. అధికారే తలుపు తీసి పంపించాడంటే ఇక పైసా బాకీ లేనట్టే. యేసు మన పాపాలకు పూచీపడి మరణంలోకి వెళ్లాడు. తండ్రి ఆయన్ని మూడో రోజున లేపాడు. రోమా పత్రిక 4:25 చెప్పేది ఇదే: "ఆయన మన అపరాధములనిమిత్తము అప్పగింపబడి, మనము నీతిమంతులముగా తీర్చబడుటకై లేపబడెను." నీ పాపానికి శిక్ష ఇంకా మిగిలి ఉంటే ఆ సమాధి ఖాళీ అయ్యేది కాదు.

కాబట్టి "నాకు ఎలా అనిపిస్తోంది" అన్నది పక్కన పెట్టి, "ఆయన నిజంగా లేచాడా" అన్నది ముందు తేల్చుకో. 1 కొరింథీయులకు 15వ అధ్యాయంలో 3 నుంచి 8 వచనాలు నిదానంగా చదువు. అక్కడ పౌలు సొంతంగా కల్పించి చెప్పడం లేదు, తనకు ముందున్నవాళ్లు అప్పగించినదాన్ని అందిస్తున్నానంటాడు. లేచిన యేసును చూసినవాళ్లను వరసగా చెబుతాడు: కేఫా (అంటే పేతురు), పన్నెండుమంది శిష్యులు, ఒకేసారి ఐదువందలకు పైగా సహోదరులు, యాకోబు, అపొస్తలులందరు, చివరికి తాను. ఆ ఐదువందలమందిలో ఎక్కువమంది ఇప్పటికీ ఉన్నారని కూడా రాశాడు, అంటే కావాలంటే వెళ్లి అడగండి అన్నట్టే. ఈ యాకోబును ప్రభువు సహోదరుడైన యాకోబుగానే ఎక్కువమంది గుర్తిస్తారు. యేసు బతికుండగా ఆయన తమ్ముళ్లు ఆయన్ని నమ్మలేదని యోహాను 7:5 దాచకుండా చెబుతుంది. అలాంటి యాకోబు అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయానికి వచ్చేసరికి యెరూషలేము సంఘంలో పెద్దగా నిలబడి మాట్లాడుతున్నాడు.

సువార్తలు చదివేటప్పుడు చిన్న వివరాలు వదిలిపెట్టకు. ఖాళీ సమాధిని మొదట చూసింది స్త్రీలు. ఆనాడు స్త్రీల సాక్ష్యానికి పెద్ద విలువ ఉండేది కాదు. కథ అల్లేవాళ్లు సాక్షులుగా వాళ్లను ఎన్నుకోరు. వాళ్లు వచ్చి చెబితే అపొస్తలులు వెర్రిమాటలని కొట్టిపారేశారు (లూకా 24:11). యోహాను 20లో పేతురు లోపలికి వెళ్లి నారబట్టలు పడి ఉండటం, తలకు కట్టిన రుమాలు వేరే చోట చుట్టిపెట్టి ఉండటం చూస్తాడు. శవాన్ని ఎత్తుకుపోయే దొంగలు బట్టలు విప్పి, రుమాలు చుట్టి పక్కన పెడుతూ కూర్చుంటారా?

ఇప్పుడు నీ అసలు బాధ దగ్గరికి వస్తాను. ఆయన లేచాడని నమ్మినా, తప్పు చేసినవాళ్లను ఆయన ఏ ముఖంతో చూస్తాడన్నది నీ భయం. దీనికి పేతురును చూడు. యేసును బంధించిన రాత్రి ప్రధానయాజకుని ఇంటి ముంగిట బొగ్గుల మంట దగ్గర చలి కాచుకుంటూ మూడుసార్లు ఆయన ఎవరో తెలియదన్నాడు. సమాధి దగ్గర దూత స్త్రీలతో చెప్పిన కబురు మార్కు 16:7లో ఉంది: శిష్యులకూ పేతురుకూ చెప్పండి అని. శిష్యులంటే పేతురు అందులో ఉన్నట్టే కదా! అయినా పేరు పెట్టి పిలిచాడు, ఎందుకంటే ఆ రోజు తనను లెక్కలోంచి తీసేసుకున్నవాడు పేతురే అయ్యుంటాడు. తర్వాత తిబెరియ సముద్రం ఒడ్డున, మళ్లీ ఒక బొగ్గుల మంట దగ్గర, ప్రభువు అతన్ని మూడుసార్లు అడిగాడు. "అలా ఎందుకు చేశావు" అనలేదు, "ఇంకెప్పుడూ చేయనని ఒట్టు వెయ్యి" అనలేదు, "నన్ను ప్రేమిస్తున్నావా" అన్నాడు. మూడోసారి అడిగేసరికి పేతురు నొచ్చుకున్నాడు. గాయాన్ని ముట్టుకోకుండా మాన్పలేదు, ముట్టుకుని మాన్పి గొర్రెల్ని కాయమని పని అప్పగించాడు. నిన్ను కూడా ఆయన అలాగే చూస్తాడు.

ఒప్పుకోలు ఎలా చేయాలో చెబుతాను, చాలామందికి సమాధానం రాకుండా పోయేది ఇక్కడే. "ప్రభువా, తెలిసీ తెలియక చేసిన పాపాలన్నీ క్షమించు" అని గంపగుత్తగా ప్రార్థించి లేచిపోతారు. అలా ప్రార్థిస్తే దేనికి క్షమాపణ దొరికిందో నీకే తెలియదు. చేసినదాని పేరు పెట్టు: అబద్ధమైతే ఎవరితో ఆడావో, ద్వేషమైతే ఎవరిమీదో చెప్పు. "వాళ్లు అలా అన్నారు కాబట్టి" అని సాకు జోడించకు, సాకు కలిస్తే అది ఒప్పుకోలు కాదు, వాదన అవుతుంది. దావీదు రాజు తన పాపాన్ని ఒప్పుకున్న 51వ కీర్తనలో ఒక్క సాకు కూడా చెప్పడు. తర్వాత 1 యోహాను 1:9 పైకి చదువు: "మన పాపములను మనము ఒప్పుకొనినయెడల, ఆయన నమ్మదగినవాడును నీతిమంతుడును గనుక ఆయన మన పాపములను క్షమించి సమస్త దుర్నీతినుండి మనలను పవిత్రులనుగా చేయును." ఆ పైన కృతజ్ఞత చెప్పి లేచిపో. అదే పాపాన్ని రేపు మళ్లీ తవ్వి తీయకు. మళ్లీ అదే తప్పు చేస్తే మళ్లీ ఒప్పుకో, అది వేరు. మళ్లీ చేయని ఆ పాత పాపానికే ప్రతి రాత్రీ క్షమాపణ అడుగుతూ ఉంటే మాత్రం ఆయన ఇచ్చిన మాటను నమ్మనట్టు అవుతుంది.

"నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను" అని కూడా అన్నావు. అలా చేయమని దేవుడు నిన్ను ఎక్కడా అడగలేదు తల్లీ. తీర్పు చెప్పే అధికారం నీది కాదు. "శిక్ష విధించువాడెవడు?" అని అడిగి పౌలు చూపించేది చనిపోయి లేచి దేవుని కుడిపార్శ్వాన ఉన్న క్రీస్తునే (రోమా 8:34). పరిశుద్ధాత్మ గద్దించేటప్పుడు ఒక ఫలానా తప్పును చూపించి ప్రభువు దగ్గరికి నడిపిస్తాడు. "నువ్వు ఇంతే, నీ బతుకే ఇంత" అని తప్పు పేరు చెప్పకుండా కుంగదీసే గొంతు ఆయనది కాదు. దానికి జవాబు చెబుతూ కూర్చోకు.

క్షమాపణ దొరికింది కదా అని చేసిన నష్టం దానంతట అది పూడదు. సంఖ్యాకాండము 5:7 ప్రకారం తప్పు ఒప్పుకుని, అసలు తిరిగి ఇచ్చి, దానిమీద అయిదోవంతు కలిపి ఇవ్వాలి. పన్నులు వసూలు చేసే జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. నువ్వు ఎవరి పేరైనా పాడుచేసి ఉంటే, ఆ మాట ఎవరెవరి దగ్గర అన్నావో వాళ్ల దగ్గరికే వెళ్లి సరిదిద్దు. క్షమాపణ కొనుక్కోవడానికి కాదు, అది ముందే దొరికింది.

నిన్ను బాధపెట్టినవాళ్ల సంగతి. మత్తయి 18లో యేసు చెప్పిన కథలో, రాజు అప్పు కొట్టేసిన ఒక దాసుడు తోటివాడి గొంతు పట్టుకున్నది నూరు దేనారాల బాకీకి. దేనారం ఒక రోజు కూలి, అంటే మూడు నెలలకు పైగా కూలి. చిన్న మొత్తం కాదు! నీకు జరిగింది చిన్నదని ప్రభువు అనడం లేదు. కాని అతనికి రాజు కొట్టేసిన అప్పు పదివేల తలాంతులు, ఒక్కో తలాంతు సుమారు ఆరువేల దేనారాలు. ఆ లెక్క ముందు పెట్టుకుని క్షమించమంటున్నాడు. క్షమించడమంటే పగ తీర్చుకునే హక్కు వదులుకోవడం. జరగలేదని నటించడం కాదు, హాని చేస్తున్నవాళ్ల చేతికి మళ్లీ చిక్కడం అంతకన్నా కాదు. అవసరమైతే దూరంగా ఉండు, చట్టం సాయం తీసుకో. నమ్మకం మళ్లీ కుదరాలంటే వాళ్లు మారాలి, దానికి సమయం పడుతుంది.

ఇదంతా విన్నాక ప్రభువును ఇంకా నీ సొంతంగా అంగీకరించలేదనిపిస్తే రోమా 10:9 తీయి. అక్కడ అడిగింది రెండే: యేసు ప్రభువని నోటితో ఒప్పుకోవడం, దేవుడు ఆయన్ని మృతుల్లోనుంచి లేపాడని హృదయంలో విశ్వసించడం. అది చేశాక ఒంటరిగా ఉండిపోకు. వాక్యం సూటిగా బోధించే సంఘానికి వెళ్లు, బాప్తిస్మం గురించి కాపరితో మాట్లాడు. సంఘంలో ఆయన మరణాన్ని జ్ఞాపకం చేసుకునే ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకున్నప్పుడల్లా ఆయన ఇచ్చిన మాటను చేత్తో పట్టుకుంటున్నట్టే.

ఈ వారం యోహాను 20, 21 అధ్యాయాలు రోజుకు కొంచెం చదువు, తొందర లేదు. అర్థం కానిచోట గీత గీసి పెట్టుకో, ఆదివారం ఫోన్ చేసినప్పుడు వాటి గురించే మాట్లాడుకుందాం.

ప్రేమతో,
నాన్న