మొక్కు పెద్దలది, తీర్చేది పిల్లలా?

సంపాదకుల వారికి నమస్కారం.

‘బిడ్డ మాది, దేవుడు మావాడు, నడుమ సర్కారుకేం పని?’ బాల్యవివాహం ఆపమని అంగన్‌వాడీ టీచరో, సచివాలయం మహిళా పోలీసో గడప తొక్కితే ఆదోని చుట్టుపక్కల పల్లెల్లో ముందుగా వినపడే మాట ఇది. ఈ ప్రశ్నను అంత తేలిగ్గా తీసెయ్యలేం. సర్కారుకు పని లేని చోట్లు నిజంగానే చాలా ఉన్నాయి.

పుట్టువెంట్రుకలు తీయించడం, మంత్రాలయం తీసుకుపోవడం, గూగూడు కుళ్లాయిస్వామికి చక్కెర చదివించడం, రంజాన్‌లో తొలి రోజా (ఉపవాసం) ఉన్న పిల్లకు పూలదండ వేయడం, ఆదివారం చర్చికి పంపడం అన్నీ తల్లిదండ్రుల ఇష్టం. ఏ దేవుడూ వద్దని పెంచినా అంతే. అయ్యప్ప మాల వేసుకున్న పిల్లవాణ్ణి నల్లబట్టలతో వచ్చాడని గేటు దగ్గరే నిలబెట్టే స్కూళ్లను నేను సమర్థించను. మండలం రోజులు యూనిఫాం లేకపోతే చదువేమీ ఆగిపోదు. కేరళలో యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖకు చెందిన పిల్లలు ముగ్గురు జాతీయగీతం వేళ లేచి నిలబడ్డారు గానీ, తమ విశ్వాసం ఒప్పుకోదని పాడలేదు. బడి నుంచి తీసేస్తే, 1986లో సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. అప్పట్లో మా స్టాఫ్‌రూములో చాలామందికి ఆ తీర్పు మింగుడుపడలేదు. నాకు మాత్రం అది సబబే అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తోంది.

బసివిని సంగతి వేరు. మగబిడ్డ లేని ఇంట్లో ఒక కూతుర్ని దేవుడి పేరున వదిలెయ్యడం కర్నూలు, అనంతపురం, బళ్లారి సరిహద్దు ఊళ్లు ఎరిగినదే. ఆమెకు పెళ్లి లేదు. పుట్టింట్లోనే ఉండి కొడుకులాగా ముసలివాళ్లను చూసుకోవాలి. ఆమెకు పుట్టిన పిల్లలకు బడి రిజిస్టరులో తండ్రి పేరు రాయాల్సి వచ్చినప్పుడు మాలాంటి టీచర్లం తలొంచుకునేవాళ్లం. మొక్కుకున్నది అమ్మానాన్న, ఆ మొక్కును బతుకంతా తీరుస్తున్నది బిడ్డ. ఈ ఆచారాన్ని 1947లోనే మద్రాసు చట్టం నిషేధించింది, అప్పుడు మన జిల్లాలు మద్రాసులోనే ఉన్నాయి. తెలంగాణలో ఇలాగే దేవుడి పేరున వదిలేసే జోగినులకు కూడా వర్తించేలా 1988లో రాష్ట్రమంతటికీ మరో చట్టం వచ్చింది. మత విశ్వాసంలో జోక్యం అని ఈ చట్టాలను తప్పుపట్టేవాళ్లు రాజ్యాంగం 25వ అధికరణం చదవాలి. ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యం అనే హద్దులతోనే అది మొదలవుతుంది.

ఇంతకన్నా చిక్కైన ప్రశ్న ఒకటుంది. బిడ్డే ‘నాకిష్టం’ అంటే? 2016లో హైదరాబాదులో పదమూడేళ్ల జైన బాలిక 68 రోజుల ఉపవాసం చేసి, ఆ తర్వాత చనిపోయింది. తల్లిదండ్రుల మీద కేసు పెట్టారు. వాళ్లకు బిడ్డ మీద ప్రేమ లేదని నేననను. కానీ పొలం అమ్మే కాగితం మీద చెల్లని పదమూడేళ్ల పిల్ల సంతకం, ప్రాణం విషయంలో చెల్లుతుందా? పెద్దవాళ్లు ఉపవాసం ఉంటే అది వాళ్ల దీక్ష. పిల్లలు ఉంటే ఆపాల్సిన బాధ్యత ఇంట్లోవాళ్లది, వాళ్లు ఆపకపోతే సర్కారుది.

అయితే సర్కారు వచ్చే పద్ధతి మీద నాకు ఫిర్యాదు ఉంది. పెళ్లిపందిట్లోకి జీపు వస్తుంది, హామీపత్రం రాయించుకుని పోతుంది. నెల తిరక్కుండా అదే పెళ్లి మరో ఊరి గుళ్లో గప్‌చుప్‌గా జరిగిపోతుంది. 2006 బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం పెళ్లికి ముందే మేజిస్ట్రేటు దాన్ని ఆపుతూ నిషేధ ఉత్తర్వు ఇవ్వొచ్చు. పెళ్లి జరిగిపోయినా, ఆ పిల్ల మేజరైన రెండేళ్ల దాకా దాన్ని రద్దు చెయ్యమని కోర్టుకు వెళ్లొచ్చు. ఈ సంగతి పదో తరగతి పిల్లలకు ఎవరైనా చెప్తున్నారా? ఆపిన ప్రతి పెళ్లికూతురూ మళ్లీ బడికి వచ్చిందో లేదో చూసేవాళ్లు కావాలి. అంతేగానీ పిల్లను తల్లి నుంచి విడదీసి హోంలో పెట్టడం దీనికి మందు కాదు. 2015 బాలల న్యాయ చట్టం కూడా దాన్ని చిట్టచివరి మార్గంగానే చూస్తుంది.

దసరా రాత్రి దేవరగట్టులో జరిగే కర్రల సమరం, అదే బన్ని ఉత్సవం, మాట కూడా చెప్పాలి. ఇనుప రింగుల కర్రలతో తలలు పగలగొట్టుకునే పెద్దవాళ్ల గురించి వాదించే ఓపిక నాకు లేదు. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లను మాత్రం ఆ కర్రల మధ్యకు రానివ్వకూడదు. అందులో పాల్గొనే నెరణికి, నెరణికి తండా, కొత్తపేట ఊళ్ల పెద్దలను పండగకు ముందే కూర్చోబెట్టి ఈ ఒక్క షరతుకు ఒప్పించాలని కర్నూలు కలెక్టరు గారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
ఆదోని