వార్షిక సర్వసభ్య సమావేశం: కార్యదర్శి నివేదిక

అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

మన పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష) సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు మళ్లీ చెప్పక్కర్లేదు. ఈ ఏడాది పనంతా దాదాపు జాంగోలో (పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే సాధనం) చిరునామా ఫీల్డు, అంటే ఫారంలో చిరునామా నింపే చోటు, చుట్టూనే తిరిగింది. సభ్యత్వ దరఖాస్తులో చిరునామాకి ఒకే పెద్ద పెట్టె ఉండేది. ఎవరికి తోచినట్టు వాళ్లు నింపేవారు, మనం పంపిన ఉత్తరాలు తిరిగొచ్చేవి. ఇప్పుడు దాన్ని మల్టీవాల్యూఫీల్డ్‌తో (కొన్ని గడుల్ని ఒకే ఫీల్డుగా చూపే జాంగో సదుపాయం) ఐదు గడులు చేశాం: వీధి, రెండో వరుస, ఊరు, పోస్టల్ కోడ్, దేశం. ఫారానికి మాత్రం అదంతా ఒకటే ఫీల్డు. అందులోని కంప్రెస్ అనే ఫంక్షన్ అయిదింటినీ కలిపి ఒక విలువగా ఇస్తుంది. సవరణకి తెరిచినప్పుడు విడ్జెట్‌లోని (గడుల్ని తెర మీద చూపే భాగం) డీకంప్రెస్ మళ్లీ విడగొడుతుంది.

గర్వంగా చెప్పుకోవాల్సింది ఆదివారం జరిపిన వర్క్‌షాప్. అప్పటికి అయిదు గడుల్నీ కామాలతో కలిపి దాస్తున్నాం. డెమో మధ్యలో ఒక సభ్యురాలు వీధి గడిలో "12, రెండో అంతస్తు" అని కొట్టి, రెండో వరుస ఖాళీగా వదిలి సేవ్ చేశారు. మళ్లీ తెరిస్తే వీధిలో 12 ఒక్కటే మిగిలింది. అంతస్తు రెండో వరుసకి దిగింది, ఊరు గడి ఖాళీ, పోస్టల్ కోడ్ గడిలో ఊరి పేరు! రాసింది నేనే కాబట్టి నాకు చెమటలు పట్టాయి. సాయంత్రంలోగా అందరూ కూర్చుని కామాలు పీకేసి, జేసన్‌గా (ప్రతి విలువనీ దాని పేరుతో విడిగా ఉంచే పద్ధతి) దాచేలా మార్చారు. ఆ కామా పెట్టినావిడకి సంఘం తరఫున ప్రత్యేక ధన్యవాదాలు.

పోస్టల్ కోడ్ మీద రెండు సమావేశాలు వాదించుకున్నాం. అంకెల ఫీల్డు పెడితే మొదటి సున్నా ఎగిరిపోతుంది, బ్రిటన్ కోడ్‌లో అక్షరాలుంటాయి. కాబట్టి క్యార్‌ఫీల్డే, అంటే ఏ అక్షరమైనా పట్టే ఫీల్డు. తప్పనిసరి చేయాలని కొందరు పట్టుబట్టారు. హాంకాంగ్‌లో అసలు కోడ్‌లే లేవు, ఐర్లండ్‌లో వచ్చిందే 2015లో. చివరికి అన్ని గడులూ నింపాల్సిందే అనే రిక్వైర్ ఆల్ ఫీల్డ్స్‌ సెట్టింగుని ఫాల్స్ (కాదు) చేసి, ఏ గడి తప్పనిసరో ఆ గడికే చెప్పాం. దేశాన్ని బట్టి కోడ్ సరిచూసే పని ఫారం క్లీన్‌లో (నింపినవాటిని తనిఖీ చేసే ఫంక్షన్) పెట్టాం.

జమాఖర్చుల కాగితం మీ కుర్చీల మీదే ఉంది. ఆడిటర్ సంతకం అయింది, కోశాధికారికి ధన్యవాదాలు.

ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. ఎర్రర్ మెసేజ్‌లు తెలుగు చేస్తామని పోయిన సమావేశంలో చాలా చేతులు లేచాయి. తర్వాత ఫోన్ ఎత్తినవాళ్లు ఇద్దరు. హాలు ఇస్తానన్న అధికారి ఆఖరి నిమిషంలో రెండుసార్లు కాదన్నారు. ఆ టెన్షన్‌లోనూ కుర్చీలు మోసినవారికి, ప్రొజెక్టర్ తెచ్చినవారికి, రాత్రి టెస్టులు నడిపినవారికి, టీ పెట్టినవారికి పేరుపేరునా కృతజ్ఞతలు.

పాత చిరునామాలు కొత్త గడుల్లోకి మార్చే పని మిగిలే ఉంది. అది స్క్రిప్టుతో అయ్యేది కాదు, ఒక్కొక్కటీ కళ్లతో చూసుకోవాలి. తలుపు దగ్గర రిజిస్టరు పెట్టాం. ఈసారి చేతులెత్తొద్దు, సంతకం పెట్టండి.

ఇట్లు,
కార్యదర్శి