డాబా కోళ్లకి టీకా ఎక్కడ?

సంపాదకుల వారికి,

రాజమండ్రి, కాకినాడ, భీమవరం డాబాల మీద పది గ్రామప్రియ (పెరటి పెంపకానికి తయారుచేసిన గుడ్ల కోడి రకం) పెట్టల్ని పెంచుకుందామనుకునే వాళ్లు ముందు అడిగేది జాగా ఎంత కావాలని. రాత్రి గూడుకి ఇరవై చదరపు అడుగులు చాలు. పుంజు కూడా అక్కర్లేదు, అది లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతుంది. పైగా తెల్లవారుజామున పక్కింటివాళ్లతో తగాదా తప్పుతుంది. డెల్టాలో అసలు బెడద చెమ్మ.

గూట్లో మూడంగుళాల మందాన ఊక పరవాలి. ముసురు రోజుల్లో గుప్పెడు ఊక తీసి పిసికి చూడండి. చెయ్యి విప్పగానే రాలిపోతే ఫర్వాలేదు, ముద్దలా నిలిచిందంటే తడెక్కువైనట్టే. గడ్డలు తీసేసి, మిగతాది తిరగేసి, కాస్త పొడి సున్నం కలపాలి. అలా వదిలేస్తే ఘాటుకి కోళ్ల కళ్లు నీరు కారతాయి, కోడిపిల్లలకి రక్తపారుడు పట్టుకుంటుంది.

పెద్ద పెట్ట రోజుకి 100 నుంచి 120 గ్రాముల మేత తింటుంది. ఉత్త నూకలు, తౌడుతో సరిపెడితే గుడ్డు పెంకు పలచబడుతుంది. నత్తగుల్లల పొడి వేరే గిన్నెలో పెడితే కావలసినంత అదే తింటుంది. తౌడు నిలవుంటే ముక్కిపోతుంది. బస్తా నేల మీద పెడితే అడుగున బూజు పడుతుంది, ఆ మేత కోడి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. మనవైపు బలమని ఉప్పుచేప ముక్కలు వేస్తారు, అది మానాలి. ఉప్పెక్కువైన కోడి తెగ నీళ్లు తాగి పల్చగా పారుతుంది, ఊక మళ్లీ తడుస్తుంది. పిల్లలైతే చచ్చిపోతాయి కూడా.

ఇదంతా ఎవరింట్లో వాళ్లు చూసుకోగలరు. చిక్కంతా కొక్కెర తెగులు (రాణిఖేత్) టీకా దగ్గరే. ఆకుపచ్చ పారుడు, మెడ తిరిగిపోవడం మొదలయ్యాక మందు లేదు. పిల్ల పుట్టిన అయిదు నుంచి ఏడో రోజులోపు లసోటా అనే టీకా ఒక చుక్క కంట్లో వేసి, పిల్ల రెప్పలాడించి చుక్క ఇంకేదాకా పట్టుకోవాలి. 28వ రోజున మళ్లీ వేయాలి. ఎనిమిది వారాలు దాటాక అదే తెగులుకి ఆర్‌టూబీ అనే టీకా సూది వేయించాలి. సీసా చూస్తే వంద డోసులు, అంతకు మించినవీను. కలిపాక ఐసు మీద పెట్టి రెండు గంటల్లో వాడేయాలి. పది కోళ్లవాడు తొంభై డోసులు పారబోయలేక టీకాయే మానేస్తున్నాడు. కొందరు కొళాయి నీళ్లలో కలిపి తాగిస్తారు, అందులోని క్లోరిన్‌కి టీకా చచ్చిపోతుంది.

అందుకే పట్టణ పశువైద్యశాలల్లో వారానికో పూట, ఫలానా రోజని ముందే చెప్పి, ఒకే సీసా పదిళ్ల కోళ్లకి వాడేలా ఏర్పాటు చేయాలి.

ఇంకొకటి. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో బర్డ్ ఫ్లూ బయటపడింది. అలాంటప్పుడు కిలోమీటరు లోపల పెరటి కోళ్లనీ వదలకుండా చంపేస్తారు. కాకులు, కొంగలు మేతలో మూతి పెట్టకుండా డాబా గూటికి పైన కూడా వల కట్టాలి. ఒకేసారి నాలుగైదు కోళ్లు చస్తే పశువైద్యుడికి చెప్పాలి గానీ సంచిలో కట్టి పంట కాలువలో పడేయకూడదు. సున్నం చల్లి లోతుగా పూడ్చాలంటారు, సరే, డాబా ఇంటివాడికి గొయ్యి తీసే మన్నేది? పురపాలక సంఘాలు అందుకొక చోటు చూపించాలి.

ఇట్లు,
కొందరు పెరటి కోళ్ల పెంపకందారులు,
రామచంద్రపురం